ట్రాఫిక్ స్టాప్‌లో కాప్ నా గన్ తీసుకుని సీరియల్ నంబర్ చెక్ చేశాడు. లైసెన్స్ ఉన్నా ఇలా చేయొచ్చా?

ఇర్వింగ్_శీను (శనివారం, రాత్రి 10:12)

అందరికీ నమస్తే. గ్రీన్ కార్డ్ వచ్చాక టెక్సాస్ ఎల్‌టీసీ (లైసెన్స్ టు క్యారీ, అంటే హ్యాండ్‌గన్ వెంట పెట్టుకునే లైసెన్స్) తీసుకుని పిస్టల్ కొనుక్కున్నాను. బయటికి వెళ్తే నడుముకి హోల్‌స్టర్‌లో ఉంటుంది. నిన్న రాత్రి ఫ్యామిలీతో ప్లేనో నుంచి వస్తుంటే 635 హైవే మీద కాప్ ఆపాడు. స్పీడ్ కాస్త ఎక్కువైన మాట నిజమే, దాని గురించి గొడవ లేదు.

కారు పక్కకు తీసి, లోపలి లైటు వేసి, చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చున్నాను. డ్రైవింగ్ లైసెన్స్ అడిగాడు. దాంతోపాటు ఎల్‌టీసీ కార్డు కూడా ఇచ్చి, కుడివైపు నడుముకి పిస్టల్ ఉందని చెప్పాను. దిగమన్నాడు. చేతులు కారు మీద పెట్టించి తనే హోల్‌స్టర్ నుంచి తీశాడు. మ్యాగజైన్ ఊడదీసి స్లయిడ్ వెనక్కి లాగితే చాంబర్‌లో ఉన్న రౌండ్ (తూటా) రోడ్డు మీద పడి టైరు కిందికి దొర్లింది. టార్చ్ వేసి దాన్ని వెతుక్కుని, అన్నీ పట్టుకుని తన కారులోకి వెళ్ళిపోయాడు. చాలాసేపటికి వచ్చాడు. సీరియల్ నంబర్ కొట్టి చూశాననీ, దొంగతనం గన్ కాదని తేలిందనీ చెప్పాడు. పిస్టల్ వేరుగా, మ్యాగజైన్ వేరుగా, ఆ ఒక్క రౌండ్ జిప్ కవర్‌లో వేసి ఇచ్చి, నేను వెళ్ళేదాకా లోడ్ చేయొద్దన్నాడు. టికెట్ లేదు, వార్నింగే.

మర్యాదగానే మాట్లాడాడు. కానీ చట్టప్రకారం వేలిముద్రలిచ్చి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యి, క్లాసుకెళ్ళి, ఫీజు కట్టి తీసుకున్న లైసెన్స్ చూపిస్తే దొంగ సొత్తేమోనని వెతకడం ఏమిటి? వెనక సీట్లో మా పాప ఏడుస్తూనే ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి, అతనికి ఆ హక్కు ఉందా?

డల్లాస్_రవి (10:31)

ఉంది బ్రదర్. ఎల్‌టీసీ చట్టంలోనే రాసి ఉంది, డ్యూటీలో ఉన్న ఆఫీసర్ అవసరమనుకుంటే గన్ తీసుకోవచ్చు. పంపించే ముందు తిరిగి ఇవ్వాలి. ఇచ్చాడుగా? వార్నింగ్‌తో బయటపడ్డారు, సంతోషించండి. అతని పరిస్థితి కూడా ఆలోచించండి. రాత్రిపూట, హైవే పక్కన, ఎవరో తెలియని మనిషి నడుముకి గన్.

కరీంనగర్_అన్న (10:44)

సంతోషించాలా? గన్ విషయంలో తప్పు చేయని మనిషిని చేతులు కారు మీద పెట్టించి, పిల్ల ముందర నిలబెట్టి, సొంత వస్తువు గుంజుకుంటే సంతోషించాలా? ఈ దేశంలో రెండో సవరణ, గన్ పెట్టుకునే హక్కు అని గొంతు చించుకునేటోళ్ళందరూ మనలాంటి రంగు వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి "ఆఫీసర్ పరిస్థితి ఆలోచించు" అంటరు.

హ్యూస్టన్_పద్మజ (11:20)

శీను గారూ, నేను అటార్నీని కాను, క్రిమినల్ లా ఆఫీసులో పారాలీగల్‌ని, అంటే లాయర్లకి సహాయకురాలిని. కాబట్టి దీన్ని లీగల్ సలహాగా తీసుకోకండి.

ముందు కారు దిగమనడం. దాని మీద 1977లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది, పెన్సిల్వేనియా వర్సెస్ మిమ్స్ కేసు. చట్టబద్ధంగా ఆపిన కారులోంచి డ్రైవర్‌ని దిగమనడానికి కాప్‌కి వేరే అనుమానం ఏదీ అక్కర్లేదు. అది కూడా నంబర్ ప్లేట్ గడువు దాటిందని ఆపిన కేసే. దిగిన మనిషి జాకెట్ కింద ఉబ్బెత్తుగా కనబడితే తడిమి చూశారు, రివాల్వర్ దొరికింది.

గన్ తీసుకోవడం గురించి రవి గారు చెప్పింది సగం. "అవసరమనుకుంటే" అంటే తన ఇష్టం అని కాదు. తనకో, మీకో, ఇంకెవరికో రక్షణ కోసం అవసరమని సహేతుకంగా నమ్మాలి. చట్టంలో ఆ మాట ఉంది. 2021 సెప్టెంబర్ 1 నుంచి లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకోవచ్చని వచ్చిన కొత్త చట్టంలోనూ (హౌస్ బిల్ 1927) అదే షరతు పెట్టారు. కోర్టులో ఆ "సహేతుకం" పోలీసు వైపే ఎక్కువసార్లు మొగ్గుతుంది, అది వేరే సంగతి.

అసలు ప్రశ్న సీరియల్ నంబర్. 1987లో అరిజోనా వర్సెస్ హిక్స్ అని ఒక కేసు ఉంది. కాల్పులు జరిగిన ఫ్లాట్‌లోకి పోలీసులు వెళ్ళారు, లోపలికి వెళ్ళడం సబబే. అక్కడ ఖరీదైన స్టీరియో చూసి అనుమానం వచ్చి, దాన్ని జరిపి సీరియల్ నంబర్లు రాసుకున్నారు. ఆ జరపడమే ఒక సోదా అనీ, దానికి గట్టి ఆధారం కావాలనీ సుప్రీంకోర్టు అంది. అదే లెక్కన రక్షణ కోసమని తీసుకున్న గన్‌ని తిప్పి తిప్పి నంబర్ చదివితే? తీసుకోవడమే చట్టబద్ధం అయినప్పుడు కళ్ళకి కనబడ్డ నంబర్ చదవడం తప్పు కాదని పోలీసు వైపు లాయర్లు వాదిస్తారు. మా ఆఫీసులో అటార్నీలకే దీని మీద ఏకాభిప్రాయం లేదు.

ఇంకోటి టైమ్. 2015లో రోడ్రిగెజ్ కేసులో, ట్రాఫిక్ పని అయిపోయాక కొత్త అనుమానం లేకుండా మనిషిని అదనంగా ఆపి ఉంచకూడదన్నారు. అక్కడ కుక్కతో వాసన చూపించడానికి ఆపింది ఏడెనిమిది నిమిషాలే. మీ స్పీడింగ్ పని ఎప్పుడు అయిపోయింది, గన్ చెక్ కోసం విడిగా ఎంతసేపు పట్టింది అన్నది బాడీ క్యామ్ (పోలీసు ఒంటి మీద ఉండే కెమెరా) చూస్తేగానీ తెలియదు.

ఇర్వింగ్_శీను (11:38)

థాంక్యూ పద్మజ గారూ. బాడీ క్యామ్ మనం అడగొచ్చా? ఇంకో డౌటు. అసలు గన్ ఉందని నేను చెప్పకపోతే ఏమయ్యేది?

హ్యూస్టన్_పద్మజ (11:55)

అడగొచ్చు. టెక్సాస్‌లో బాడీ క్యామ్ రికార్డింగ్ కోసం రాతపూర్వకంగా రిక్వెస్ట్ పెట్టేటప్పుడు మూడు వివరాలు ఇవ్వాలి: తేదీ–సుమారు సమయం, ఎక్కడ జరిగింది, అందులో ఉన్న కనీసం ఒకరి పేరు. మీ పేరే ఇవ్వండి.

చెప్పడం గురించి: టెక్సాస్‌లో ఎల్‌టీసీ ఉన్నవాళ్ళు గన్ వెంట ఉన్నప్పుడు కాప్ ఐడీ అడిగితే రెండు కార్డులూ చూపించాలి. చూపించకపోతే ఇదివరకు లైసెన్స్ సస్పెండ్ చేసేవాళ్ళు, ఆ శిక్షని 2009లో తీసేశారు. రూల్ మాత్రం అలాగే ఉంది. అదీగాక మీ డ్రైవింగ్ లైసెన్స్ కొట్టగానే ఎల్‌టీసీ ఉందని వాళ్ళకి కనబడుతుంది. మీరు దాచినా దాగదు.

ఒక్కో స్టేట్ ఒక్కో రకం. మిషిగన్, నార్త్ కరోలినా వాళ్ళు కాప్ అడగకపోయినా తామే ముందు చెప్పాలి. ఒహాయోలో అలాగే ఉండేది, 2022 జూన్ నుంచి అడిగితేనే చెప్పాలని మార్చారు. రోడ్ ట్రిప్‌కి వెళ్ళే ముందు దారిలో తగిలే ప్రతి స్టేట్ రూలూ చూసుకోవాల్సిందే.

కరీంనగర్_అన్న (ఆదివారం, ఉదయం 7:02)

చెప్తే ఏమైతదో నేను చెప్తా. ఫిలాండో కాస్టీల్ గుర్తున్నడా? 2016 జులై 6, మిన్నెసోటాలో ఫాల్కన్ హైట్స్. 32 ఏళ్ళ మనిషి. సెయింట్ పాల్‌లో మాంటిస్సోరి స్కూల్ క్యాంటీన్‌లో సూపర్‌వైజర్. ఏ పిల్లకి ఏ తిండి పడదో గుర్తుపెట్టుకునేటోడని అక్కడి వాళ్ళు చెప్పిన్రు. క్యారీ పర్మిట్ ఉన్నది. కాప్ ఆపి లైసెన్స్, ఇన్సూరెన్స్ అడిగిండు. ఇన్సూరెన్స్ కాగితం ఇచ్చి, సార్, నా దగ్గర ఫైర్ఆర్మ్ ఉందని మీకు చెప్పాలె అన్నడు. శీను అన్న మాటే, అదే మర్యాద. కొన్ని సెకండ్లల్ల ఏడు రౌండ్లు కాల్చిండు. పక్క సీట్ల గర్ల్‌ఫ్రెండ్, వెనక సీట్ల ఆమె నాలుగేళ్ళ బిడ్డ. ఆమె ఫేస్‌బుక్ లైవ్ పెట్టకపోతే లోకానికి తెలుస్తుండెనా? 2017 జూన్‌ల జ్యూరీ ఆ కాప్‌ని నిర్దోషి అన్నది.

పర్మిట్ కార్డు ఆ రోజు ఆయన్ని కాపాడిందా రవీ?

డల్లాస్_రవి (8:15)

కాస్టీల్‌కి జరిగింది ఘోరం, ఎవరూ కాదనరు. కానీ పూర్తి కథ చెప్పండి. కారులో గంజాయి వాసన వచ్చిందని ఆఫీసర్ కోర్టులో చెప్పాడు, పోస్ట్‌మార్టంలో కూడా తేలింది. ఫెడరల్ చట్టం ప్రకారం గంజాయి వాడేవాడి దగ్గర గన్ ఉండకూడదు. తియ్యొద్దు అని ఆఫీసర్ అంటున్నా అతని చెయ్యి కదులుతూనే ఉంది. నేను క్లాసులో నేర్చుకున్నది ఏంటంటే, గన్ మాట ఎత్తాక చెయ్యి అంగుళం కూడా కదపకూడదు.

కరీంనగర్_అన్న (8:22)

పోస్ట్‌మార్టం రిపోర్ట్ ఆ కాప్ చేతిలో ఉండెనా కాల్చేటప్పుడు? ఆయన లైసెన్స్ తీస్తున్నా అన్నడు. లైసెన్స్ అడిగిందెవరు? కాపే. ఒక దిక్కు లైసెన్స్ తియ్యమంటడు, ఇంకో దిక్కు చెయ్యి కదపొద్దంటడు. నువ్వు క్లాసులో నేర్చుకున్నవు సరే, ఆ కాప్‌కి క్లాసు ఎవరు చెప్పాలె?

అట్లాంటా_కృష్ణవేణి (9:10)

నేను ఇక్కడ ఒక కౌంటీలో 911 డిస్పాచర్‌గా, అంటే ఎమర్జెన్సీ ఫోన్లు తీసి పోలీసుల్ని పంపే పని చేస్తాను. మా పని ఎలా ఉంటుందో చెప్తే ఇద్దరికీ కోపం రావచ్చు.

ఫోన్ చేసేవాళ్ళు సగం మంది సరిగ్గా చూడకుండానే చేస్తారు. "షాపులో ఒకడు గన్‌తో తిరుగుతున్నాడు" అంటారు. చేతిలో ఉందా, నడుముకి ఉందా అంటే తెలియదంటారు. ఎవరినైనా బెదిరిస్తున్నాడా అంటే "గన్ ఉంది కదా!" అని మన మీదే అరుస్తారు. పాలు, బ్రెడ్డు కొనుక్కోవడానికి వచ్చిన మనిషి అయ్యుండొచ్చు. జార్జియాలో 2022 నుంచి పర్మిట్ లేకుండా కూడా పెట్టుకోవచ్చు. నేను "హోల్‌స్టర్‌లో ఉంది, బెదిరింపు ఏమీ లేదు" అన్న ముక్క టైప్ చేశానా లేదా అన్నదాని మీద అక్కడికి వెళ్ళే ఆఫీసర్ చెయ్యి ఎక్కడ ఉంటుందో ఆధారపడి ఉంటుంది. ఆ ముక్క ఎన్నిసార్లు దారిలో జారిపోతుందో నేను చూశాను. రేడియోలో చివరికి మిగిలేది "మగమనిషి, గన్ ఉంది" అనే రెండు మాటలే.

పద్మజ గారూ, అలాంటి కాల్ మీద మనిషిని ఆపొచ్చా? మా ట్రైనింగ్‌లో ఫ్లోరిడా వర్సెస్ జేఎల్ అని ఏదో చెప్పారు.

హ్యూస్టన్_పద్మజ (10:05)

అవునండీ, 2000 సంవత్సరం తీర్పు. బస్‌స్టాప్ దగ్గర గళ్ళ చొక్కా కుర్రాడి దగ్గర గన్ ఉందని పేరు చెప్పకుండా ఎవరో ఫోన్ చేశారు. ఆ ఒక్క కాల్‌ని పట్టుకుని సోదా చేయడం చెల్లదని కోర్టు ఏకగ్రీవంగా అంది. గన్ కేసులకి ప్రత్యేక మినహాయింపు ఇమ్మంటే ఇవ్వనంది.

కరీంనగర్ అన్నకి నచ్చే కేసు ఒకటి: నార్త్రప్ వర్సెస్ సిటీ ఆఫ్ టొలీడో. ఒహాయోలో ఒకాయన 2010లో సాయంత్రం భార్య, కూతురు, మనవడితో కుక్కని తీసుకుని నడకకి వెళ్ళాడు, నడుముకి గన్ పైకి కనబడేలా. ఒకరు పోలీసులకి ఫోన్ చేశారు. ఆఫీసర్ వచ్చి గన్ లాక్కుని, బేడీలు వేసి, దాదాపు అరగంట పోలీసు కారులో కూర్చోబెట్టాడు. 2015లో ఆరో సర్క్యూట్ కోర్టు (కొన్ని రాష్ట్రాలకి కలిపి ఉండే ఫెడరల్ అప్పీల్ కోర్టు) ఏమందంటే, పైకి కనబడేలా పెట్టుకోవడం ఆ రాష్ట్రంలో చట్టబద్ధం, చట్టబద్ధమైన పని చేస్తున్నాడన్నది అనుమానానికి కారణం కాదు. కేసు నుంచి తప్పించమని ఆఫీసర్ అడిగిన రక్షణ ఇవ్వలేదు. పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు 2019లో హిక్స్ కేసులో (ఇది వేరే హిక్స్) దాదాపు ఇదే మాట అంది.

రవి గారికి నచ్చేది కూడా ఉంది. 2017లో నాలుగో సర్క్యూట్ మొత్తం బెంచ్ కూర్చుని రాబిన్సన్ కేసులో పూర్తిగా ఇటు తిరిగింది. వెస్ట్ వర్జీనియాలో గన్ పెట్టుకోవడం చట్టబద్ధమైతే కావచ్చు, కానీ సరైన కారణంతో ఆపిన మనిషి దగ్గర గన్ ఉందంటే, ఆపిన పోలీసుకి ప్రమాదం ఉన్నట్టే లెక్క, తడిమి చూడొచ్చు అంది. వర్జీనియా, మేరీల్యాండ్, రెండు కరోలినాలూ ఈ సర్క్యూట్ కిందికే వస్తాయి. అంటే ఏష్‌బర్న్‌లోనూ షార్లెట్‌లోనూ ఉండే మనవాళ్ళందరూ.

ఎడిసన్_వాసు (11:47)

మీరంతా టెక్సాస్, జార్జియా కబుర్లు చెప్పుకుంటున్నారు. న్యూజెర్సీ కథ వినండి.

షనీన్ అలెన్. ఫిలడెల్ఫియాలో ఉండే ఇద్దరు పిల్లల తల్లి. పెన్సిల్వేనియా పర్మిట్ ఉంది. 2013 అక్టోబర్‌లో బ్రిడ్జి దాటి అట్లాంటిక్ సిటీ వైపు వస్తుంటే లేన్ మారడం దగ్గర పోలీసు ఆపాడు. క్లాసులో చెప్పినట్టు తనంతట తానే నిజాయితీగా చెప్పింది, నా దగ్గర గన్ ఉంది, ఇదిగో పర్మిట్ అని. ఆ పర్మిట్ న్యూజెర్సీలో చెల్లదు. అక్కడికక్కడే అరెస్ట్. ఇక్కడ గన్ నేరాలకి కఠిన శిక్ష వేసే గ్రేవ్స్ యాక్ట్ కింద పరోల్ లేకుండా కనీసం మూడున్నరేళ్ళు పడే కేసు. పెద్ద గొడవయ్యాక 2015లో గవర్నర్ క్రిస్టీ క్షమాభిక్ష పెడితే పూర్తిగా బయటపడింది. గవర్నర్ దాకా వెళ్ళే ఓపిక మనలో ఎంతమందికి ఉంది?

ఆమె అమెరికన్ పౌరురాలు. అదే గ్రీన్ కార్డ్ వాడికి జరిగితే జైలు తర్వాత ఇమిగ్రేషన్ వాళ్ళు ఎదురుచూస్తుంటారు.

హ్యూస్టన్_పద్మజ (12:30)

వాసు గారు చెప్పింది చాలా ముఖ్యం. చట్టవిరుద్ధంగా గన్ కొన్నా, కలిగి ఉన్నా, మోసుకెళ్ళినా, దాని మీద శిక్ష పడితే గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళని కూడా దేశం నుంచి పంపించేయొచ్చని ఇమిగ్రేషన్ చట్టంలోనే ఉంది. ఎన్నేళ్ళ నుంచి ఉన్నా సరే. లోకల్ లాయర్ "చిన్న కేసే, ఒప్పేసుకో, ఫైన్‌తో పోతుంది" అంటాడు. ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించకుండా సంతకం పెట్టకండి.

స్టేట్లు దాటి వెళ్ళేటప్పుడు 1986 ఫెడరల్ చట్టం కొంత రక్షణ ఇస్తుంది. బయల్దేరిన చోటా, చేరే చోటా మీ దగ్గర గన్ ఉండటం చట్టబద్ధం అయ్యుండాలి. గన్‌లో రౌండ్లు ఉండకూడదు. గన్నూ రౌండ్లూ రెండూ చేతికందకుండా ట్రంక్‌లో ఉండాలి. ట్రంక్ లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో. గ్లవ్ బాక్స్‌కి తాళం వేశాను అంటే కుదరదు, చట్టంలో స్పష్టంగా కాదని రాశారు.

ఎంఎస్_స్టూడెంట్_డెంటన్ (1:14)

అందరికీ హాయ్. నేను ఎఫ్1 మీద ఉన్నా. మా బ్యాచ్ అంతా వచ్చే వీకెండ్ షూటింగ్ రేంజ్‌కి వెళ్దామనుకుంటున్నాం. అద్దెకి గన్ ఇస్తారు, ఇన్‌స్టాలో అందరూ ఫొటోలు పెడుతున్నారు. దానికేం ప్రాబ్లం ఉండదుగా?

హ్యూస్టన్_పద్మజ (1:20)

ఉంది తమ్ముడూ. ఎఫ్1, హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు గన్ గానీ బుల్లెట్లు గానీ కలిగి ఉండటం ఫెడరల్ నేరం. రేంజ్‌లో చేతిలో పట్టుకోవడం కూడా దాని కిందికే వస్తుంది. మినహాయింపుల్లో మనవాళ్ళకి పనికొచ్చేది ఒకటే, ఏదైనా స్టేట్ ఇచ్చిన, గడువు ఉన్న హంటింగ్ లైసెన్స్. అందుకే కొన్ని రేంజ్‌ల వాళ్ళు అది అడుగుతారు. అడగని వాళ్ళు ఉన్నారంటే నీకు అనుమతి ఉందని కాదు. ఇన్‌స్టాలో ఫొటో పెట్టడం అంటే మన చేత్తో మనమే సాక్ష్యం రాసివ్వడం.

డల్లాస్_రవి (1:25)

ఇది మాత్రం లైటుగా తీసుకోవద్దు బాబూ.

సబర్బ్_సుబ్బారావు (మధ్యాహ్నం 3:40)

నాకు షికాగో దగ్గర గ్యాస్ స్టేషన్ ఉంది. లైసెన్స్ ఉంది, కౌంటర్ కింద గన్ ఉంది. ట్రాఫిక్ స్టాప్ అంటే నాకు భయం లేదు. నా భయం వేరే. దొంగ వచ్చాడనుకోండి, నేను గన్ తీసి వాణ్ని నిలబెట్టాననుకోండి. పోలీసులు తలుపు తోసుకుని వచ్చినప్పుడు వాళ్ళకి కనబడేది చేతిలో గన్ ఉన్న నల్లటి మనిషి. ఓనర్ ఎవరో దొంగ ఎవరో వాళ్ళకెలా తెలుస్తుంది?

మా పక్కనే రాబిన్స్‌లో 2018 నవంబర్‌లో జరిగింది. జెమెల్ రాబర్సన్ అని బార్‌లో సెక్యూరిటీ గార్డు, 26 ఏళ్ళు. లోపల కాల్పులు జరిపినవాణ్ని పట్టుకుని కింద అదిమిపెట్టాడు. పక్క ఊరి పోలీసు వచ్చి రాబర్సన్‌నే కాల్చేశాడు. అతను సెక్యూరిటీ అని జనం అరుస్తూనే ఉన్నారట.

కరీంనగర్_అన్న (4:02)

అదే నెల, పదిరోజుల తర్వాత అలబామా హూవర్ మాల్‌ల ఎమాంటిక్ బ్రాడ్‌ఫర్డ్. 21 ఏళ్ళ పోరడు. థ్యాంక్స్‌గివింగ్ రాత్రి షాపింగ్ రద్దీల కాల్పులైతే అందరితోపాటు ఉరికిండు, చేతిల గన్ ఉన్నది. పోలీసు కాల్చిండు. తర్వాత వీడే కాల్పులు జరిపినోడు అని ప్రకటన ఇచ్చిన్రు. అసలు నిందితుడు వేరే అని ఆ తర్వాత ఒప్పుకున్నరు. కాప్ మీద కేసు లేదు.

మరి తెల్లోళ్ళకి జరగదా అంటే, జరుగుతది. కొలరాడో ఆర్వాడాల జానీ హర్లీ, 2021 జూన్. పోలీసుని చంపిన దుండగుణ్ని అతనే కాల్చి పడేసిండు. వాని రైఫిల్ చేతిలకు తీసుకున్నడు. వచ్చిన ఇంకో పోలీసు హర్లీని కాల్చేసిండు. ఎంతమందినో కాపాడినోడని తర్వాత పొగిడిన్రు. పొగిడితే వస్తడా?

అట్లాంటా_కృష్ణవేణి (5:16)

సుబ్బారావు గారూ, డిస్పాచర్‌గా నేను చెప్పగలిగింది ఇది. దొంగ పారిపోయినా, లొంగిపోయినా, వీలైన మరుక్షణం గన్ చేతిలోంచి వదిలేయండి. కౌంటర్ మీద పెట్టి దూరం జరగండి. 911 లైన్ కట్ చేయకండి. మొదట చెప్పాల్సింది "నేను షాపు ఓనర్‌ని". తర్వాత మీ చొక్కా రంగు, ప్యాంటు రంగు, ఏ మూల నిలబడ్డారు, గన్ ఇప్పుడు ఎక్కడ ఉంది. దొంగ ఎలా ఉన్నాడన్నది ఆ తర్వాత. చాలామంది దొంగ గురించే పదినిమిషాలు చెప్తారు, తమ గురించి ఒక్క ముక్క చెప్పరు. ఇంకొకరు షాపులో ఉంటే వాళ్ళని ఫోన్ పట్టుకోమనండి.

యాస గురించి ఇబ్బంది పడకండి, నిదానంగా చెప్పండి. "బ్లూ షర్ట్, ఓనర్, నో గన్ ఇన్ హ్యాండ్" అన్నా చాలు, నేను టైప్ చేసేది అదే.

డల్లాస్_రవి (6:30)

ఇంట్లో ఉన్నప్పుడైనా టెన్షన్ లేకుండా ఉండొచ్చు. మన గడప లోపల మన హక్కు గట్టిది. 2021లో సుప్రీంకోర్టు కనిగ్లియా కేసులో కూడా అదే చెప్పింది కదా. మీ మంచి కోసమే అంటూ వారంట్ లేకుండా ఇంట్లోకి వచ్చి గన్‌లు తీసుకుపోవడం కుదరదని.

కరీంనగర్_అన్న (6:47)

ఇంట్లనా? రోజర్ ఫోర్ట్‌సన్ ఎక్కడున్నడు మరి? 23 ఏళ్ళు, ఎయిర్‌ఫోర్స్‌ల పనిచేసేటోడు. 2024 మే 3, ఫ్లోరిడా. ఏదో ఫ్లాట్‌ల గొడవ అయితుందని షెరిఫ్ డెప్యూటీ (అక్కడి పోలీసు) వచ్చిండు, తప్పుడు ఫ్లాట్‌కి వచ్చిండని ఫ్యామిలీ వాళ్ళు అన్నరు. తలుపు కొడితే పిలగాడు గన్ చేతిల పట్టుకుని, నేలకి దించి, తలుపు తీసిండు. తీసుడు తీసుడే కాల్చిండు. ఆ డెప్యూటీని ఉద్యోగంలకెళ్ళి తీసేసి, నరహత్య కేసు పెట్టిన్రు, అదొక్కటి నయం.

అమీర్ లాక్ 2022ల మినియాపాలిస్‌ల దుప్పటి కప్పుకుని సోఫా మీద పండుకున్నడు. వారంట్‌ల వాని పేరు కూడా లేదు. తలుపు కొట్టకుండా తాళం తీసుకుని లోపలికొచ్చిన్రు. గన్ వానిది, పర్మిట్ వానిది. లేచేలోపు చచ్చిపోయిండు, పది సెకండ్లు కూడా కాలే.

డల్లాస్_రవి (7:20)

ఫోర్ట్‌సన్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. సొంత ఇంటి తలుపు దగ్గర గన్ నేలవైపు పట్టుకుని నిలబడ్డ మనిషిని కాల్చడానికి నాకైతే ఏ సమర్థనా కనబడలేదు. నేను గన్ కొనుక్కున్నదే రాత్రిపూట తలుపు కొడితే అలా వెళ్ళి చూడటానికి. ట్రాఫిక్ స్టాప్ విషయంలో మాత్రం నా మాట మారదు. కాప్ ముందు వాదన పెట్టుకోకూడదు. కోర్టు ఉంది, కంప్లయింట్ ఉంది.

వరంగల్_లైసెన్సీ (7:58, మన ఊరి నుంచి, ఇక్కడ తెల్లవారింది)

మీ చర్చ చదువుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. మా నాన్న కాలం నుంచి ఇంట్లో డబుల్ బ్యారెల్ ఉంది. ఎన్నికలొస్తే చాలు, స్టేషన్ నుంచి ఫోన్. "సార్, వచ్చి డిపాజిట్ చేసి పోండి." రసీదు తీసుకుని, ఎన్నికలైపోయాక మళ్ళీ తిరిగి తిరిగి తెచ్చుకోవాలి. ఒకసారి తెచ్చుకునేసరికి గొట్టం తుప్పు పట్టి ఉంది. ఇక్కడ దాన్ని హక్కు అనరు, సర్కారు దయ. ఇదివరకు మనిషికి మూడు ఉండేవి, 2019 సవరణతో రెండుకి తగ్గించారు.

అయినా ఈ డిపాజిట్ అందరికీ తప్పనిసరి కాదు. ఎవరి దగ్గర తీసుకోవాలో స్క్రీనింగ్ కమిటీ చూసి నిర్ణయించాలి. గుండుగుత్తగా అందరినీ డిపాజిట్ చేయమనకూడదని అలహాబాద్ హైకోర్టు 2024లో మళ్ళీ చెప్పింది. ఆ తీర్పు ప్రింటు తీసుకుని వెళ్తే మా స్టేషన్ రైటర్ టీ తాగించి, "ఇది యూపీది సార్" అన్నాడు.

మోడరేటర్ (8:10)

వరంగల్ గారూ, దీనికి వేరే థ్రెడ్ పెట్టండి, చాలామందికి పనికొస్తుంది. ఇక్కడ అమెరికా విషయాలే మాట్లాడుకుందాం.

ఎంఎస్_స్టూడెంట్_డెంటన్ (9:33)

పద్మజ అక్కా, రేంజ్ ప్లాన్ క్యాన్సిల్ చేశాం. ఇంకో డౌట్. మా రూమ్మేట్‌కి గ్రీన్ కార్డ్ ఉంది, వాడి దగ్గర గన్ ఉంది. ఎల్‌టీసీ లేదుగానీ 21 దాటింది, కాబట్టి టెక్సాస్‌లో ఓకే అంటాడు. ఇద్దరం నా కారులోనే తిరుగుతాం. ఒక్కోసారి గన్ గ్లవ్ బాక్స్‌లో పెట్టి మర్చిపోతాడు. కాప్ ఆపితే నేనేం చెప్పాలి?

హ్యూస్టన్_పద్మజ (9:41)

ఆ పరిస్థితి రాకుండా చూసుకో. గన్ ఎవరిదైనా, అది అక్కడ ఉందని నీకు తెలిసి, నీ చేతికందే చోట ఉంటే నీ స్వాధీనంలో ఉన్నట్టే కేసు పెట్టొచ్చు. కారు నీ పేరు మీద ఉంటే ఇంకా కష్టం. మీ రూమ్మేట్‌కి టెక్సాస్ చట్టం ఓకే. నీకు అడ్డం వచ్చేది ఫెడరల్ చట్టం.

రూమ్‌లో అయితే వాడు సేఫ్ కొనుక్కుని, తాళంగానీ కోడ్‌గానీ నీకు తెలియకుండా పెట్టుకోవాలి. నీ కారులోకి గన్ ఎక్కకూడదు, అంతే. ఖర్మకాలి అలాంటప్పుడే ఆపితే గ్లవ్ బాక్స్‌లో ఇన్సూరెన్స్ కాగితం కోసం చెయ్యి పెట్టకు. కాగితాలు సన్‌వైజర్‌కి పెట్టుకో, లేకపోతే ఫోన్‌లో చూపించు, టెక్సాస్‌లో చెల్లుతుంది. అబద్ధం చెప్పకు, కారు వెతకడానికి ఒప్పుకోనని మర్యాదగా చెప్పు, లాయర్ వచ్చేదాకా గన్ గురించి మాట్లాడకు.

ఎంఎస్_స్టూడెంట్_డెంటన్ (9:44)

ఓకే అక్కా. వాడు కింద పార్కింగ్‌లోనే ఉన్నాడు, తీసేయమని ఇప్పుడే చెప్తా.